హాల్వర్సన్ ఇంటి ముందు షివరీ

శనివారం పొద్దున కాఫీ తాగుతూ అబ్రహాం ఆ సాయంత్రం చేయబోయే పని చెప్పాడు. భార్య లూసీ ఇస్త్రీ ఆపేసింది.

"గిన్నెలు పట్టుకెళ్ళి చైర్మన్ గారి ఇంటి ముందు కొట్టాలా? మీకు మతి గానీ పోయిందా?"

"అది వీళ్ళ ఆచారమే. షివరీ అంటారు. కొత్తగా పెళ్ళయిన వాళ్ళ ఇంటి ముందు ఊరంతా చేరి డబ్బాలూ గిన్నెలూ వాయిస్తారు. పెళ్ళికొడుకు బయటికొచ్చి తినడానికి ఏదన్నా పెట్టేదాకా ఆపరు. హాల్వర్సన్ గారు అయోవాలో పొలాల మధ్య పెరిగాడు. చూస్తే పొంగిపోతాడు."

"ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"ఎవరూ చెయ్యట్లేదు. అందుకే మనం చెయ్యాలి."

గుంటూరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసిన అబ్రహాం, అమెరికా వచ్చాక అరోరా ఊళ్ళో ఒక వాల్వుల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తున్నాడు. లైబ్రరీ వాళ్ళు అమ్మేసిన పాత నిఘంటువు ఒకటి కొన్నప్పటి నుంచి, వస్తువులు పోయి మాటలు మాత్రమే మిగిలినవన్నీ అతనికి కావాలి. కిందటి నెల ఒక షాపులో యాంటీమకాసర్ అడిగాడు. సోఫాకి తలనూనె అంటకుండా వెనక వేసే గుడ్డ అది. సేల్స్ అమ్మాయి అతన్ని మందుల కౌంటర్‌కి పంపింది.

ఈసారి సంగతి వేరు. అక్కడి తెలుగు క్రైస్తవులు ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆరాధన జరుపుకునేవారు. శబ్దం ఎక్కువ, కూరల వాసన ఎక్కువ అని ఫిర్యాదులు వచ్చాయి. వాళ్ళని ఉంచాలో పంపాలో సోమవారం ట్రస్టీలు తేలుస్తారు. ఇంకో రెండు చర్చిలు కుదరదని అప్పటికే చెప్పేశాయి. ట్రస్టీల చైర్మన్ హాల్వర్సన్‌కి భార్య పోయిన ఆరేళ్ళకు, ఈ జూన్‌లోనే, చర్చిలో ఆర్గన్ వాయించే మార్జరీతో మళ్ళీ పెళ్ళయింది.

"శబ్దం అని కంప్లైంట్ చేసిన వాళ్ళ దగ్గరికెళ్ళి గిన్నెలు కొడతారా?" అంది లూసీ.

అప్పటికే అబ్రహాం ఫోన్ దగ్గర ఉన్నాడు. ముందు దేవకుమార్‌కి చేశాడు. దేవకుమార్ విజయవాడ రైల్వేలో యూనియన్ మనిషి, ఇక్కడ గోడౌన్‌లో సూపర్‌వైజర్. చైర్మన్ ఇల్లు, గిన్నెలు అనే రెండు మాటలు వినగానే అతనికి విషయం తెలిసిపోయింది. సమ్మె రోజుల్లో ఆఫీసర్ క్వార్టర్స్ ముందు కంచాలు ఎందుకు కొడతారో అతనికి ఒకరు చెప్పాలా?

"ఇక చెప్పక్కర్లేదన్నా. ఈ పని ఎప్పుడో చెయ్యాల్సింది. మిగతా వాళ్ళకి నేను చెప్తా."

తర్వాత సంఘంలో పెద్దావిడ దీనమ్మకు చేశాడు. ఆమెకు పెళ్ళి అన్న మాట ఒక్కటి చాలింది. "ఒట్టి చేతుల్తో ఎట్టా వెళ్తాం నాయనా?" అని చేపల పులుసు పొయ్యి మీద పెట్టింది.

సాయంత్రం ఏడు గంటలకు హాల్వర్సన్ ఇంటి ముందు ఎండ ఇంకా ఉంది. దేవకుమార్ అట్టముక్కకు కర్ర కట్టి తెచ్చాడు. 'ప్రార్థన మా హక్కు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. అతని వెనక పాతికమంది.

"ఇదేంటయ్యా?" అన్నాడు అబ్రహాం.

"ధర్నా. నువ్వేగా పిలిచావు?"

"ధర్నా ఏంటి నీ మొహం! మనం ఆయన్ని గౌరవించడానికొచ్చాం."

"మనల్ని గెంటేసేవాడికి గౌరవమా? చెంచాగిరీ అనుకుంటే నేను వచ్చేవాణ్ణే కాదు!"

ఇద్దరూ లాన్ మీదే అరుచుకున్నారు. పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. వాళ్ళ అరుపులు వినపడకుండా చేయడానికి లూసీ గరిటె తీసి కుక్కర్ మూత మీద కొట్టింది. అది సైగ అనుకుని పాతికమందీ మొదలుపెట్టారు.

పక్కింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన ఆఫీసర్ పాతికేళ్ళవాడు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"షివరీ," అన్నాడు అబ్రహాం.

"ధర్నా," అన్నాడు దేవకుమార్.

"పెళ్ళి బాబూ," అని దీనమ్మ తెలుగులోనే చెప్పి గిన్నె మూత తీసింది. ఆఫీసర్ ఏమీ రాసుకోలేదు.

తలుపు తెరుచుకుంది. హాల్వర్సన్ చొక్కా గుండీలు సగం పెట్టుకుని మెట్లు దిగాడు. మొహం ఎర్రబడి ఉంది.

"మీకేమైనా ఫిర్యాదు ఉందా సార్?" అని ఆఫీసర్ అడిగాడు.

"ఉంది," అన్నాడు హాల్వర్సన్. "పొద్దు ఉండగా షివరీ ఏమిటి? చీకటి పడ్డాక రావాలి. ఆవు గంట ఏది? గాల్లోకి పేల్చే తుపాకీ ఏది? నన్ను తోపుడుబండిలో ఎక్కించాలని ఒక్కడికీ తెలీదా? నా పెళ్ళయి మూడు వారాలైంది. మా చర్చివాళ్ళలో ఒక్కడు గడప తొక్కలేదు. కార్డులు పంపారు!"

ఆఫీసర్ కారెక్కి వెళ్ళిపోయాడు. అబ్రహాం ఊపిరి పీల్చుకుంటూ ఉండగా హాల్వర్సన్ దృష్టి అట్టముక్క మీద పడింది. "ఇదేమిటి?"

"అది పొరపాటున..." అన్నాడు అబ్రహాం.

"పొరపాటు కాదు," అని లూసీ ఇంగ్లీషులో అందుకుంది. గరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "ఈయన ఆచారమని కొట్టాడు. ఆయన ధర్నా అని కొట్టాడు. నేను కోపంతో కొట్టాను. నాలుగేళ్ళుగా రెంట్ ఇస్తున్నాం. ప్రతి వారం ఫ్లోర్ మేమే మాప్ చేస్తున్నాం. మీ బేకన్ మాడితే బ్రేక్‌ఫాస్ట్. మా కూర ఉడికితే వాసన. మీ ఆర్గన్ సంగీతం. మా పాట శబ్దం."

వాకిట్లోకి వచ్చిన మార్జరీ, "ఆ ఆర్గన్ విషయం నిజమే," అంది.

ఆచారం ప్రకారం పెళ్ళికొడుకు పెట్టాలి. ఇంట్లో ఉప్పు బిస్కెట్లు తప్ప ఏమీ లేవు. అందరూ మెట్ల మీద కూర్చుని దీనమ్మ చేపల పులుసు తిన్నారు. హాల్వర్సన్ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. చీకటి పడ్డాక, సరిగ్గా చేయండంటూ మళ్ళీ కొట్టించాడు.

సోమవారం ట్రస్టీలు నిర్ణయం చెప్పారు. తెలుగువాళ్ళు బేస్‌మెంట్‌లోనే ఉండవచ్చు. ఆ వేసవిలో ట్రస్టీల ఇళ్ళలో ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి. వాటికి వచ్చి గిన్నెలు కొట్టాలి, లూసీ తప్పకుండా ఉండాలి అన్నది కొత్త షరతు.

పాత షరతు మాత్రం మార్చలేదు: బేస్‌మెంట్‌లో శబ్దం చేయరాదు.