అందుబాటులో ఉంది

మా కళాశాల కంప్యూటర్ సైన్స్ శాఖ ఈ ఏడాది కూడా తన సంప్రదాయాన్ని నిలబెట్టుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థులందరూ ప్రాజెక్టులు సమర్పించారు. అన్నిటి పేరూ ఒక్కటే: గ్రంథాలయ నిర్వహణ వ్యవస్థ. పోయినేడూ అదే, అంతకుముందూ అదే. ఒకసారి ఒకడు కొత్తదనం కోసం హాస్టల్ నిర్వహణ వ్యవస్థ చేస్తానని బయల్దేరాడు గానీ, పెద్దలు నచ్చజెప్పాక దారికొచ్చాడు.

గ్రంథాలయ నిర్వహణ మీద ఇన్ని వ్యవస్థలు తయారుచేసిన కళాశాల మరొకటి ఉండదని ఈ శాఖలో పాఠాలు చెప్పేవాడిగా గర్వంగా చెప్పగలను. చాలా ఏళ్లపాటు వాటిలో ఒక్కటి కూడా మా గ్రంథాలయంలో లేదు. అసలక్కడ కంప్యూటరే ఉండేది కాదు. రిపోర్టులు మాత్రం ఉన్నాయి, దళసరి అట్టలతో, బంగారు అక్షరాలతో. ఏటేటా వచ్చిపడే రిపోర్టులకు చోటు చాలక ముందు పత్రికల్ని తీసేశారు. తర్వాత నిఘంటువులు పోయాయి. చివరికి మిగిలిన పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కట్టి మెట్ల కింద గదిలో పడేశారు. ఇప్పుడు మా గ్రంథాలయంలో గ్రంథాలయాన్ని ఎలా నడపాలో చెప్పే రిపోర్టులు తప్ప మరో పుస్తకం లేదు. లైబ్రేరియన్ గారు వాటి మధ్య కూర్చుని నిశ్చింతగా కునుకు తీస్తుంటారు.

ఈ ప్రాజెక్టులకు గైడ్‌గా కాగితం మీద నా పేరుంటుంది. అసలు గైడ్ గేటు ఎదుటి జిరాక్స్ షాపాయన. రిపోర్టు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధమే. వెళ్లినవాడిని రెండే రెండు ప్రశ్నలు అడుగుతాడు. "పేరేంటి బాబూ? అట్ట నలుపు కావాలా, నీలం కావాలా?" రెండో ప్రశ్నకు జవాబు తోచక ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్న మెరిట్ విద్యార్థులున్నారు. పేరు మారుతుంది, మిగతాదేదీ మారదు. ఎప్పుడో ఒక పెళ్లయిన విద్యార్థిని కృతజ్ఞతల పేజీలో "అడగకుండానే టీ పెట్టి ఇచ్చిన నా భర్తకు" అని రాసుకుంది. నాటి నుంచి నేటి వరకు మా మగపిల్లలు సైతం టీ పెట్టి ఇచ్చిన భర్తలకు కృతజ్ఞతలు చెప్పుకుని మరీ పట్టభద్రులవుతున్నారు. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఆ పేజీ ఎవరూ చదవలేదు.

ఇంత చల్లని కాపురంలో కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి చిచ్చుపెట్టింది. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటుంది కాబట్టి క్లాసంతా ఆమెను ఎందుకమ్మ అనేవారు. ప్రోగ్రామ్ కాగితం మీద రాసి, ఫలితాన్ని పెన్సిల్‌తో గీయమంటే ఎందుకంది. పిల్లలు ముట్టుకుంటే కంప్యూటర్లు పాడవుతాయని ల్యాబ్‌కు తాళం వేస్తే, అప్పుడూ ఎందుకంది. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ముదిరిపోయి, ప్రాజెక్టు సొంతంగా చేస్తానంది.

ఆమె అన్నయ్య మా పూర్వ విద్యార్థే. చెల్లెలి వెర్రి చూడలేక తన పాత రిపోర్టు తీసి చేతిలో పెట్టాడు.

ఆమె తిరగేసి, "అన్నయ్యా, మీ ఆయన బాగున్నారా?" అంది.

"ఆ పేజీ ఎవడు చదువుతాడే! నాకు ఫస్ట్ క్లాస్ వచ్చిందా లేదా?"

వచ్చింది. ఉద్యోగం కూడా వచ్చింది. ప్రోగ్రామ్ రాయమన్న రోజున పోయింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. వాళ్లమ్మకు కుట్టుపని చేయడానికి చూపు ఆనడం లేదు. ఇక ఇల్లు నిలబడాలంటే చెల్లెలి ఉద్యోగమే దిక్కు. ఒక కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇస్తామంది, డిగ్రీ చేతికి రావడమే తరువాయి.

"నలుగురితో పాటు నారాయణా అనక నీకెందుకే ఈ గొడవ?" అంది తల్లి. "డిగ్రీ లేకపోతే వాళ్లు గడప తొక్కనివ్వరు. తర్వాత నీ ఇష్టం."

ఎందుకమ్మ వినలేదు. మెట్ల కింద సంచులు విప్పింది. దుమ్ము దులిపింది. లైబ్రేరియన్ గారిని లేపి, ఏ పుస్తకం ఎవరు పట్టుకెళ్లారో కనుక్కుని, ఇళ్లకు వెళ్లి మరీ అడిగింది. ఆ వివరాలన్నీ పెట్టి ప్రోగ్రామ్ రాసింది. అంతవరకు క్షమించవచ్చు. ఆ ప్రోగ్రామ్ పనిచేసింది.

ప్రాజెక్టు పరీక్షకు బయటి కళాశాల నుంచి పరీక్షకుడు వచ్చారు. ఆయన కూడా మా పూర్వ విద్యార్థే. జేబులో స్కేలు పెట్టుకుని తిరుగుతారు, రిపోర్టులో మార్జిన్లు కొలవడానికి. కొలత సరిపోతే ఫస్ట్ క్లాస్. అలవాటుగా స్కేలు తీస్తుండగా ఎందుకమ్మ అడ్డుపడి, "సార్, ఏదైనా పుస్తకం పేరు చెప్పండి" అంది. ఆయన చాలాసేపు ఆలోచించారు. చివరికి మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకం పేరు గుర్తొచ్చింది.

తెర మీద జవాబు వచ్చింది: "శాఖాధిపతి గారి వద్ద ఉంది. గడువు దాటింది."

ఆయనకు సరదా పుట్టి ఇంకోటి అడిగారు. "ప్రిన్సిపాల్ గారి ఇంట్లో ఉంది. అడిగితే కోప్పడ్డారు." మూడోది అడగకుండా ఉండవలసింది. "బయటి పరీక్షకుల వారి వద్ద ఉంది. వారు ఇక్కడ చదివే రోజుల్లో తీసుకున్నారు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పిల్ల వరసగా ముగ్గురిని పట్టింది.

శాఖాధిపతి గారు లేచి నిలబడ్డారు. "చూడమ్మా, పనిచేసే ప్రోగ్రామ్ ఎవరైనా రాస్తారు. దానికి డిగ్రీ దేనికి? విద్య అంటే వినయం. వ్యవస్థ అంటే నమ్మకం. నీ వ్యవస్థకు పెద్దల మీద నమ్మకం లేదు. ఇలాంటి వ్యవస్థ సమాజంలోకి వెళితే రేపు ఎవరింట్లో ఏముందో అందరికీ తెలిసిపోతుంది. ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?"

ఎవరూ తీసుకోలేదు. ఫెయిల్ చేసి, దయతలచి వారం గడువిచ్చారు.

ఆమె నా దగ్గరికొచ్చింది. "నా ప్రోగ్రామ్‌లో తప్పేంటి సార్?"

"తప్పేమీ లేదమ్మా. అందుకే ఫెయిలయ్యావు."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు నిజంగా బాధేసింది. బాధపడుతూనే జిరాక్స్ షాపుకు దారి చూపించాను.

వారం తిరిగేసరికి ఆమె నీలం అట్ట రిపోర్టుతో వచ్చింది. మార్జిన్లు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. టీ ఇచ్చిన భర్తకు కృతజ్ఞతలు ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో ఒక్క ముక్కే ఉంది. మీరు ఏ పుస్తకం పేరు కొట్టినా తెర మీద "అందుబాటులో ఉంది" అని వస్తుంది. పరీక్షకుడు తన దగ్గరున్న పుస్తకం పేరు కొట్టి చూసుకుని, స్థిమితపడ్డారు. "వారంలో ఎంత ఎదిగిందో చూశారా!" అని శాఖాధిపతి గారు మురిసిపోయారు. ఆమెకు మొదటి ర్యాంకు ఇచ్చారు.

ఆ ప్రోగ్రామ్ కోసం గ్రంథాలయంలో కంప్యూటర్ పెట్టారు. ఆ తర్వాత కళాశాలకు గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వచ్చింది. బృందం అధ్యక్షుల వారు ఒక గ్రంథం రాసినట్టు తమ పరిచయపత్రంలో ఎప్పుడో వేసుకున్నారు, రాయడానికి తీరిక దొరకలేదు. మొహమాటపడుతూ దాని పేరు కొట్టారు. "అందుబాటులో ఉంది" అని వచ్చింది. ఆయన చేతిరుమాలు తీసుకుని కళ్లు తుడుచుకున్నారు. కళాశాలకు అత్యున్నత గ్రేడు వచ్చింది.

ఎందుకమ్మ ఉద్యోగంలో చేరి, చూస్తుండగానే పెద్దదైంది. ఇప్పుడు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, నీళ్ల శాఖలో ఆమె రాసిన ప్రోగ్రాములే నడుస్తున్నాయి. వాళ్లమ్మ కళ్లకు ఆపరేషన్ కూడా చేయించింది.

మొన్న మా వీధి కుళాయిలు ఎండిపోతే ఫోన్‌లో ఫిర్యాదు పెట్టాను. పూర్తిగా రాయకముందే జవాబొచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది." శిష్యురాలి పనితనం గుర్తుపట్టి ఫోన్ చేశాను.

"ఎందుకమ్మా ఇలా?"

"ముందు కుళాయి చూసి చెప్పేదే రాశాను సార్. ఎవరు నీళ్లు మళ్లించుకుంటున్నారో అది చెప్పేసింది. అక్కడ కూడా వారం గడువిచ్చారు." నవ్వింది. "కింద 'సంతృప్తి' అని బటన్ ఉంటుంది, నొక్కేయండి సార్. ఇంకో బటన్ లేదు."

నొక్కాను. ఖాళీ బిందె పట్టుకుని బయటికి వస్తే, వీధి చివర నీళ్ల ట్యాంకర్ దగ్గర మీరంతా అప్పటికే బిందెలతో వరసలో ఉన్నారు. మీరూ నొక్కే వచ్చారట.