దోన్ ఎవరిస్తో గారి బంధుబలగం

"నా అరటితోటలో ఇంతవరకు ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఇకముందు జరగబోదు కూడా!" అని దోన్ ఎవరిస్తో మిందియోలా గారు మేయరు పదవికి నిలబడుతూ మైకులో ప్రకటించారు. మైకు ఆసుపత్రి కిటికీ పక్కనే ఉండటంతో మంచం మీదున్న రొసెందో కూడా విని సంతోషించాడు. అతని కుడిచేతి మూడు వేళ్ళు కిందటి వారమే ఆ తోటలో గెలలు లాగే తీగ కింద పడి తెగిపోయాయి.

సాయంత్రం దోన్ గారు స్వయంగా కోడి సూపు పట్టుకొచ్చి, అంత పెద్దమనిషీ రోగి మంచం మీదే కూర్చున్నారు.

"ఒరే, మీ చంటిదానికి జ్ఞానస్నానం అయిందా?"

"లేదు దొరా."

"జ్ఞానతండ్రిని నేనే. ఇక నన్ను దొరా అనకు. కంపాద్రే అను."

రొసెందోకు కళ్ళు చెమర్చాయి. మా దగ్గర బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు ఆ బిడ్డ తండ్రికి కంపాద్రే. తోడబుట్టినవాడితోనైనా తగువు పడొచ్చు గాని, కంపాద్రే మీద కేసు పెట్టినవాడికి ఊళ్ళో ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

అతని భార్య జొయిలాకు మాత్రం ఇంత గౌరవం ఒంటబట్టలేదు.

"నీ పనిలోకి మేస్త్రీ అప్పుడే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. ఆ చేత్తో కత్తి పట్టగలవా? లేబరాఫీసుకెళ్ళి పరిహారం అడుగు."

"దొర మనకు చుట్టమవుతుంటే పరిహారమేమిటే, సిగ్గులేకుండా!"

"చుట్టరికం ఉడకేసి పెట్టనా పొద్దున్నే?"

నిజానికి దోన్ గారి న్యాయబుద్ధి జొయిలాకు తెలియదు. వేళ్ళు పోతే జ్ఞానస్నానం, కాలు విరిగితే పిల్లవాడి బడి పట్టా పండుగ, నడుము పడిపోతే కొత్త ఇంటి కప్పు వేసే వేడుక, ఇలా ఏదో ఒకదానికి జ్ఞానతండ్రిగా నిలబడి దెబ్బకు తగ్గ వరస కలుపుతారాయన. పెళ్ళీ పెటాకులూ లేని ఒక అభాగ్యుడికి కన్ను పోతే, ఆయన వెనకాడలేదు. వాడి సైకిలుకు జ్ఞానతండ్రి అయ్యారు. పాదిరి గారు హ్యాండిలు మీద పవిత్ర జలం చల్లారు. ప్రభుత్వం దగ్గర కూడా ఇంత వివరమైన పద్ధతి లేదు.

ఆదివారం జ్ఞానస్నానమూ ఎన్నికల సభా కలిపే జరిగాయి. వేదిక కట్టింది వడ్రంగి ఉల్పియానో. మేకులు దండగని, సగం కొడితే చాలని దోన్ గారే చెప్పారు. ముందు వరసలో కంపాద్రేలంతా కూర్చున్నారు. వాళ్ళలో రెండు చేతులూ సరిగ్గా ఉన్నవాళ్ళు తక్కువ కావటంతో చప్పట్లు పలచగా పడ్డాయి.

"వీళ్ళు నా కూలీలు కారు, నా బంధువులు!" అంటూ దోన్ గారు చంటిదాన్ని పైకెత్తారు. కాళ్ళ కింద వేదిక పలక విరిగింది. చంటిదాన్ని జొయిలా అందుకుంది. దోన్ గారిని ఎవరూ అందుకోలేదు.

మర్నాటికల్లా ఉల్పియానో మీద కేసు పడింది. ఇద్దరు లాయర్లు. ఇల్లు అమ్మయినా సరే పరిహారం కక్కాలని దోన్ గారు అన్నారట. ఉల్పియానో వచ్చి రొసెందో ముందు గొల్లుమన్నాడు.

"ఇంతమాత్రానికి ఏడుపెందుకురా? ఆయన మన మనిషే!" అని రొసెందో దోన్ గారున్న ఆసుపత్రికి బయల్దేరాడు. జొయిలా కూడా చంటిదాన్ని చంకనేసుకుని వెనకే నడిచి గుమ్మం బయట ఆగింది.

"కంపాద్రే, కేసెందుకు? మీ మనవడికి ఇంకా జ్ఞానస్నానం కాలేదటగా. ఉల్పియానో జ్ఞానతండ్రిగా ఉంటానంటున్నాడు. చుట్టమైపోతాడు, గొడవ తీరిపోతుంది."

దోన్ గారు కట్టు కట్టిన చిటికెన వేలును అతని ముక్కు దగ్గర ఆడించారు.

"బుద్ధుందట్రా నీకు? విరిగింది నా వేలు! వేలంటే ఏమనుకున్నావ్? జ్ఞానస్నానం చేయిస్తే అతుక్కుంటుందా?"

రొసెందో ఆ కట్టును చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ తనకు తట్టనందుకు అతనికి నిజంగానే సిగ్గేసింది.

"అతుక్కోదు, దొరా" అన్నాడు.

బయటికి రాగానే జొయిలా అడిగింది: "ఏమంటాడు?"

"బాగా చెప్పాడే" అన్నాడు రొసెందో. "లేబరాఫీసుకు ఏ బస్సెక్కాలి?"