ఉత్తుత్తి పేషెంటు

"ఇవాళ్టి నుంచి రికార్డులన్నీ నీవే" అని కళ్ల డాక్టరమ్మ అనగానే కొత్తమ్మాయి కాళ్లు నేల మీద ఆనలేదు. పెళ్లయి నెల తిరగలేదు, ఉద్యోగంలో చేరి వారం తిరగలేదు. అందుకే క్లినిక్‌లో అందరూ ఆమెను అలా పిలుస్తారు. పాత కాగితాల్లోని పేషెంట్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఈ పని తిన్నగా చేస్తే ఉద్యోగం ఖాయం, చెడగొడితే ఇంటికే అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

ముందు చెయ్యి తిరగాలి కదా అని కొత్తమ్మాయి ఒక ఉత్తుత్తి పేషెంటును తయారు చేసుకుంది. రాసుకోవడమూ ఒక ముచ్చటే కాబట్టి మొగుడి పేరు రాసింది. ఏ గడిలో ఏమేం వస్తాయో చూద్దామని ప్రతిదాంట్లోనూ అన్నిటికన్నా పెద్ద కష్టాన్నే ఎంచుకుంది. రెండు కళ్లలోనూ శుక్లాలు, చూపు బాగా తక్కువ, బండి నడపరాదు, వెంట మనిషి ఉండాలి. దగ్గరి బంధువు నంబరు అడిగితే అత్తగారిది ఇచ్చింది. నిండుగా ఉన్న ఆ పేజీని చెరిపెయ్యబుద్ధి కాక సేవ్ నొక్కి మురిసిపోయింది.

కంప్యూటర్‌కు మురిపాలు తెలియవు. అది సంగతంతా పూసగుచ్చినట్టు అత్తగారి ఫోనుకు పంపేసింది.

ఆ మొగుడేమో డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. అత్తగారు లబోదిబోమంటూ స్కూలు యజమానికి ఫోన్ చేసి, తన కొడుకును ఉన్నపళాన కారు దింపెయ్యమంది. యజమాని స్కూటరెక్కి వెంటపడి, ముందు ఎవరివో రెండు కార్లు ఆపి, ఆనక తన కారును పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ చూపు లేని గురువు మాట విని మలుపులు తిప్పానా అని కారు నేర్చుకుంటున్నావిడ అక్కడే చతికిలబడింది. నాకేం కాలేదు మొర్రో అని అతను మొత్తుకునేకొద్దీ, పాపం దాస్తున్నాడని అందరూ మరింత జాలిపడ్డారు.

మధ్యాహ్నానికల్లా అతన్ని చెరో రెక్కా పట్టుకుని అత్తగారూ యజమానీ క్లినిక్‌లోకి నడిపించుకొచ్చారు.

"మెట్టుంది నాన్నా, జాగ్రత్త."

"కనపడుతోందమ్మా."

"అలాగే అంటావులే."

కొత్తమ్మాయి ఉద్యోగానికి నీళ్లొదులుకుని, జరిగిందంతా డాక్టరమ్మకు చెప్పేసింది.

డాక్టరమ్మ ఆ రికార్డు ఆసాంతం చదివింది. "మొగుడి మీద ఇంత కోపమేంటమ్మా?"

"కోపం కాదు మేడం. ప్రేమ."

వచ్చినవాణ్ని ఊరికే పంపడం ఎందుకని డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి పరీక్షించింది. అతను గోడ మీది అక్షరాలన్నీ చిట్టచివరి వరుసతో సహా గడగడా చదివేశాడు. అత్తగారి ప్రాణం కుదుటపడింది. యజమానికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"చివరి వరుసేంటి? కింద ఉన్నది గీతే కదా" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని మెల్లగా అదే కుర్చీలో కూర్చోబెట్టింది. పైనుంచి రెండో వరుసకే ఆయన నీళ్లు నమిలాడు.

"ఇక్కడికి కారు ఎవరు నడిపారు?" అడిగింది డాక్టరమ్మ.

"ఆయనే" అన్నాడు మొగుడు. "నాకు కళ్లు లేవన్నారుగా, దారంతా మూసుకునే కూర్చున్నా."

కొత్తమ్మాయి తన మొదటి నిజమైన రికార్డు రాసింది: కళ్లజోడు లేకుండా బండి నడపరాదు. ఎదురు వీధిలోనే ఉండి ఎన్నిసార్లు పిలిచినా పరీక్షకు రాని మనిషిని రప్పించావు కాబట్టి ఉద్యోగం నీదే అంది డాక్టరమ్మ. ఉత్తుత్తి పేషెంట్లకు మాత్రం ఫోన్ నంబర్లు ఇవ్వద్దంది.

వెళ్లబోతూ అత్తగారు కోడల్ని పక్కకు పిలిచింది.

"రేపు పొద్దున్నే నేనూ చూపించుకోవడానికి వస్తున్నా. నాకు అన్నీ బాగున్నాయని ఇవాళే రాసి పెట్టెయ్."