కంట్రోల్ మీద వేలు

ఆ రోజు పొద్దుటినుంచీ మా ఆయన ఎడమచేతి చిటికెనవేలు కంప్యూటర్ కంట్రోల్ బటన్‌ని అదిమి పట్టుకునే ఉంది. పెళ్ళయ్యాక ఆయన ఏ పనైనా అంత శ్రద్ధగా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

కాఫీ తీసుకెళ్తే, తెర మీదనుంచి చూపు తిప్పకుండా “తాగించు” అన్నారు.

“చేతులకేమైంది?”

“ఒకదాంట్లో మౌస్ ఉంది. రెండోదాని వేలు తీశానంటే సర్వనాశనం. ఇంతసేపూ ఏరిన ఫోటోలన్నీ చేజారిపోతాయి.”

వేలు తీసినంత మాత్రాన ఏమీ కాదని, మళ్ళీ క్లిక్ చేసేటప్పుడు నొక్కి పట్టుకుంటే చాలని నాకు తెలుసు. చెబుదామనే నోరు తెరిచాను.

“నీకు తెలీదులే, ఊరుకో!”

ఊరుకున్నాను. ఆయన మాట నేనెప్పుడూ జవదాటను. అదే ఆయన దురదృష్టం.

సంగతేమిటంటే, మా పెద్దాడపడుచు హెడ్‌మిస్ట్రెస్‌గా మొన్ననే రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఉపన్యాసం ఇచ్చారు. ఆవిడ బడికి పునాది తవ్వడంతో మొదలుపెట్టారు. గోడలు లేచేసరికి మా ఆయన తల వాలిపోయింది.

కెమెరా మాది. ఆ పూట అది మా ఆయన బావగారి, అంటే ఆవిడ భర్త చేతిలో ఉంది. ఆ ఉపన్యాసం ఇంట్లోనే చాలాసార్లు విని ఉండటంవల్ల సభలో నిద్రపోవలసిన అవసరం ఆయనకి రాలేదు. తోచక ఫోటోలు తీశారు. ఎక్కువగా బావమరిదివి.

ఇంటికొచ్చాక మా ఆయన ఫోన్ చేసి, “అక్కా! ఒక్క అక్షరం వదలకుండా విన్నాను. కళ్ళు చెమర్చాయనుకో” అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. “ఫోటోలన్నీ నా దగ్గరే ఉన్నాయి” అని కూడా అన్నారు.

ఈ ఉదయం అక్కగారి ఫోన్. “ఒరేయ్, నేను మాట్లాడుతుంటే ఎవడో గురక పెట్టాడు. ఫోటోల్లో దొరక్కుండా ఎక్కడికి పోతాడు? వస్తున్నా, అన్నీ తీసి ఉంచు.”

మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. చిన్నప్పుడు ఆయనకి ఎక్కాలు నేర్పింది ఆవిడే. ఇప్పటికీ ఆ గొంతు వినపడితే అరచేతులు వెనక్కి దాచుకుంటారు.

“ఏరడమెందుకు? కనిపించినదాన్ని కనిపించినట్టు తీసేయొచ్చుగా?” అన్నాను.

“తీసేసిన ప్రతిసారీ ఇది అడుగుతుందే, ‘నిజంగానే తీసేయమంటారా?’ అని. అచ్చం అక్క అడిగినట్టే ఉంటుంది. అన్నిసార్లు నావల్ల కాదు. అన్నీ ఏరి, ఒక్కసారే గుండె రాయి చేసుకుంటాను.”

వందల ఫోటోలు. వాటిలో నోరు తెరిచి ఒకచోట, తల వెనక్కి వేలాడేసి ఒకచోట, ఇంకోచోట ఎవరో పెద్దమనిషి భుజం మీద మా ఆయన. ఒక్కొక్కటే నీలంగా మారుతున్నాయి. ముక్కు దురద పెడితే నేను గోకాను. చెమట పడితే నేను తుడిచాను. వేలు తెల్లగా పాలిపోయింది. వీధిలో ఏదో కారు ఆగితే ఊపిరి బిగబట్టారు. పక్కింటివాళ్ళది.

రెండోసారి ఆగిన కారు పక్కింటివాళ్ళది కాదు. కాలింగ్ బెల్ మోగింది.

“నేను తీస్తాను” అన్నాను.

“వద్దు! నువ్వయితే నేరుగా ఇక్కడికే తీసుకొస్తావు. ఇంకా కొన్ని మిగిలాయి. అక్కని ముందుగదిలో నేను మాటల్లో పెడతాను. నువ్వు ఇలా కూర్చో. నా వేలి మీద నీ వేలు పెట్టు. నేను మెల్లిగా జారుస్తాను... నొక్కు... నొక్కావా? ఇల్లు కూలినా సరే, వేలు మాత్రం తీయకు!”

“తీయను.”

ఆయన వెళ్ళారు. నేను తీరిగ్గా తెర చూశాను. నీలం ఫోటోల మధ్య ఒకదాంట్లో ఆయన భుజం మీద తల వాల్చి ఒక ఇల్లాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. చీర ఎక్కడో చూసినట్టుంది.

నాదే.

“ఎంత బాగా మాట్లాడారు వదినా!” అని నేనూ అన్నానాయె.

“అక్కా, ముందు కాసిన్ని మంచినీళ్ళు...”

“నీళ్ళు నేను తాగగలనులే. ఫోటోలేవి?”

అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చేసింది. తెర ఆర్పేయొచ్చు. కానీ ఎడమచేతి వేలు తీయకూడదని ఆజ్ఞ. ఉన్న ఒక్క కుడిచెయ్యీ నా సొంత పనిలో పడింది. కంట్రోల్ మీద వేలుండగా ఏరిన ఫోటోనే ఇంకోసారి క్లిక్ చేస్తే, అదొక్కటీ ఏరినవాటిలోంచి తప్పుకుంటుంది. నా ఫోటో మీద క్లిక్ చేశాను. నీలం పోయి అది వందల ఫోటోల్లో కలిసిపోయింది.

వదినగారు కళ్ళజోడు సవరించుకుని నా భుజం మీదుగా వంగారు.

“ఈ నీలంగా ఉన్నవేంట్రా?”

ఆయన తెరకి అడ్డం రాబోతే ఆవిడ పక్కకి నెట్టారు.

“ఇది నువ్వు. ఇదీ నువ్వే. ఇందులో నీ కొండనాలుక కూడా కనిపిస్తోంది.”

“అక్కా, అది... కళ్ళు మూసుకుంటే ఏకాగ్రత...”

“కళ్ళు చెమర్చాయన్నావు. చెమర్చింది నోరురా!”

ఆయన నావైపు చూసిన చూపు రాతిని కూడా కరిగిస్తుంది.

“వేలు తీయొద్దన్నారు కదండీ!” అన్నాను, ఇంకా నొక్కి పట్టుకునే.

వదినగారు తిట్టలేదు. అందుకే ఇద్దరికీ మరింత భయం వేసింది. కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకున్నారు.

“కూర్చో. మొదటినుంచి చెబుతాను.”

నేను వేలు తీసి, వంటింటివైపు జారుకోబోయాను.

“అమ్మాయ్, నువ్వెక్కడికి? పాపం, ఈ గురక పక్కన కూర్చుని నీకేం వినపడి ఉంటుంది!”

“అయ్యో, లేదు వదినా! అంతా విన్నాను.”

“అలాగా? అయితే ఎలా ముగించానో చెప్పు.”

నోరు తెరిచాను. మా ఆయనవైపు చూశాను.

మా ఆయన లేచారు. పక్కగదిలోంచి ఇంకో కుర్చీ తెచ్చి, తన కుర్చీ పక్కనే వేసి, భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచారు. పొద్దుటినుంచీ ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

“కూర్చోవే,” అన్నారు ఎంతో ప్రేమగా.