అన్నింటికీ వ్యతిరేకం

ఆ శనివారం పెద్దావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా గిన్నెలు తోమడం, తొమ్మిదిన్నరకు మున్సిపల్ కార్యాలయం చేరడం, మూడంటే మూడు వాక్యాలు మాట్లాడటం, ఎండ ముదరకముందే ఇంటికి రావడం. ఆ మూడు వాక్యాలూ పాత క్యాలెండరు కాగితం వెనక రాసి పర్సులో పెట్టుకుంది. నాలుగు రోజులుగా అద్దం ముందు చదివి చదివి, మూడో వాక్యం దగ్గర గొంతు వణకడం కూడా కంఠతా వచ్చేసింది.

విషయం బస్టాపు. ఇంటి గేటు ఎదురుగా ఉన్న స్టాపును మలుపు అవతలికి మారుస్తామనీ, అభ్యంతరాలుంటే బహిరంగ సభలో చెప్పుకోవచ్చనీ స్తంభానికి నోటీసు అంటించారు. నలభయ్యో ఏట గోడల మీది కాగితాలు కూడబలుక్కుంటూ తనంతట తాను చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఏ నోటీసునైనా అచ్చేసిన ప్రెస్సు పేరుదాకా చదివితే తప్ప కదలదు. సభ ఎక్కడో అందులో లేదు, కార్యాలయం బోర్డు చూడమని ఉంది. బుధవారం వెళ్లి చూసింది: శనివారం పది గంటలు, మేడమీది హాలు, ఎనిమిదో అంశం. మార్చారేమోనని గురువారం మళ్లీ వెళ్లింది. శుక్రవారం ఆమె నోరు తెరవకముందే వాచ్‌మన్, "అదే హాలమ్మా, అదే టైము. మెట్లు కూడా అవే," అన్నాడు.

కూతురు పక్క పట్నంలో నర్సు. శని, ఆదివారాలు ఇంట్లో ఉండి, సోమవారం పొద్దున ఆ స్టాపులోనే బస్సెక్కుతుంది. రోడ్డు తిన్నగా ఉంటుంది గనుక మలుపు తిరిగేదాకా బస్సు కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం భర్త కూడా అక్కడే బస్సెక్కి పనికి వెళ్లాడు. పొయ్యి మీద పాలు పొంగుతాయని ఆ ఒక్క పూట ఆమె బయటికి రాలేదు. ఆయన తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఎవరు బయల్దేరినా, చివరికి గ్యాసు సిలిండరు తెచ్చినవాడైనా సరే, కనుమరుగయ్యేదాకా చూస్తేగాని ఆమె లోపలికి పోదు. స్టాపు మలుపు అవతలికి పోతే చూడటానికి ఏమీ మిగలదు.

"అంతమందిలో మాట్లాడతావా నువ్వు? రాంగ్ నంబరొస్తే నువ్వే క్షమించమంటావు," అంది కూతురు, చెప్పులు వేసుకుంటూ.

"మూడే ముక్కలు. చదివేసి కూర్చుంటా. అంతకంటే నా సోది ఎవరు వింటారు?"

హాలు గుమ్మం దగ్గర బల్ల మీద అంశానికొకటి చొప్పున కాగితాలు పరిచి ఉన్నాయి. పేరు, సంతకం, అనుకూలమా వ్యతిరేకమా అని గళ్లు. గుమాస్తా టీకి వెళ్లాడు. కూతురు కుర్చీలు వెతకడానికి లోపలికి వెళ్లింది. ఇది హాజరు పట్టీ అని పెద్దావిడ తీర్మానించుకుంది. ఆసుపత్రిలో ఒక్క కాగితం మీద సంతకం మరిచిపోతే మళ్లీ వరస చివరికి పంపిన అనుభవం ఆమెకుంది. అందుకని ఒక్కటీ వదలకుండా అన్నింటిలోనూ సంతకం చేసింది. బస్టాపు కాగితంలో "వ్యతిరేకం" అని రాసింది. మిగతావాటిలో ఇంకోలా రాస్తే మాట మీద నిలబడని మనిషనుకుంటారని, వాటిలోనూ అదే రాసింది.

"మొదటి అంశం. దర్జీ వీధి మురుగుకాలవకు మూతలు వేయడం. వ్యతిరేకిస్తున్నవారు ఒక్కరే," అని గుమాస్తా ఆమె పేరు చదివాడు.

"మురుగుకాలవ నిన్నేం చేసిందమ్మా?" అంది కూతురు, చెవిలో.

హాల్లోని అరవై తలలూ ఇటు తిరిగాయి. తప్పు రాశానని ఒప్పుకోవడం కంటే ఆ కాలవలో దూకడం తేలికనిపించింది.

"మూతలెందుకు వద్దో చెప్పండమ్మా," అంది సభాధ్యక్షురాలు.

"వద్దని కాదమ్మా... పూడిక తీయకుండా మూతలేస్తే లోపలేముందో ఇంకెవరికీ కనపడదు కదా."

ముందు వరసలో కూర్చున్న ఆ వీధి దర్జీ వెనక్కి తిరిగాడు. "రెండేళ్లుగా నేను మొత్తుకునేది అదే." ఎవరో చప్పట్లు కొట్టారు.

రెండోది వీధి దీపాలు. మళ్లీ ఆమె పేరే. "దీపాలు కావాలి. కాకపోతే మా పడగ్గదిలో కాకుండా రోడ్డు మీద వెలిగితే బాగుంటుంది," అంది. ఈసారి చప్పట్లు వెనక వరసల దాకా పాకాయి. మూడోది, మున్సిపల్ లైబ్రరీలో పేపర్లు చదువుకునే గదిని రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచడం.

"ఆ గది మూసే వేళకి నిన్ను కుర్చీలోంచి లేపి పంపించాలి. దానిక్కూడా వ్యతిరేకమేనా?" కూతురు మొహం కొంగులో దాచుకుంది.

"ఎనిమిదికి వ్యతిరేకం. తొమ్మిది దాకా ఉంచాలి," అంది పెద్దావిడ. హాలు మార్మోగింది. ఇన్నాళ్లూ ఈ గొంతు ఎక్కడ పెట్టుకున్నానా అని ఆమెకే అనుమానం వచ్చింది. నాలుగో అంశానికి పిలవకముందే లేచింది.

"కూర్చోండమ్మా. ఒకరు మూడు అంశాల మీదే మాట్లాడాలి. మీవి అయిపోయాయి," అంది సభాధ్యక్షురాలు.

పెద్దావిడ పర్సులోంచి క్యాలెండరు కాగితం తీసి చూపించింది. "నాది ఎనిమిదోదమ్మా. మిగతావన్నీ హాజరనుకుని రాశాను."

"ఏమనుకుని రాసినా రాసినట్టే," అన్నాడు గుమాస్తా.

"ఆవిడ బదులు నేను మాట్లాడతాను," అని కూతురు లేచింది.

"పదింటిలోపు పేరివ్వాలి," అన్నాడు మళ్లీ గుమాస్తానే.

ఎనిమిదో అంశం వచ్చేసరికి క్యాలెండరు కాగితం ఆమె పిడికిట్లో తడిసి ముద్దయింది. స్టాపు మార్చమని అర్జీ పెట్టిన మనిషి లేచాడు. బస్సు డ్రైవరు.

"ప్రతి సోమవారం ఆ గేటు దగ్గర ఒకమ్మ కూతుర్ని ఎక్కిస్తుందండి. తాళం తీసుకున్నావా అంటుంది. గొడుగేదంటుంది. సరే, కదులుతాను. అద్దంలో చూస్తే చెయ్యెత్తి ఉంటుంది. ఏం మరిచిపోయారో అని ఆపుతాను. టాటా అట. మళ్లీ కదులుతాను, మళ్లీ చెయ్యి. నాలుగు నిమిషాలు పోతాయి. బస్సు లేటని డిపోలో మెమో నాకిస్తారు."

పెద్దావిడ కుర్చీలో వీలైనంత కిందికి జారింది. ఇంత కాలం తన బస్టాపుకు శత్రువెవరా అని నిద్ర మానుకుని ఆలోచించింది. తీరా చూస్తే తానే.

అప్పుడు దర్జీ లేచాడు. "నేను అనుకూలమని రాశాను, కొత్త స్టాపు నా కొట్టుకి దగ్గరని. ఇప్పుడు మార్చుకుంటున్నా. ఆ నాలుగు నిమిషాల వల్లే సోమవారం మా ఆవిడకి బస్సు దొరుకుతోంది."

"నాక్కూడా," అన్నారెవరో వెనకనుంచి. "పెద్దమ్మ చెయ్యెత్తిందంటేనే మేం పరుగు మొదలెడతాం."

సభాధ్యక్షురాలు డ్రైవరు వైపు చూసింది. "టైంటేబుల్లోనే నాలుగు నిమిషాలు రాయిస్తే మీకు మెమో ఉండదు కదా?"

"నాకింకేం కావాలండి," అన్నాడు డ్రైవరు. స్టాపు అక్కడే ఉంచాలనీ, సోమవారం ఉదయం బస్సు అక్కడ నాలుగు నిమిషాలు ఆగాలనీ తీర్మానించారు. వ్యతిరేకించినవారు లేరు.

సోమవారం బస్సు వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపి చేతులు కట్టుకున్నాడు. పెద్దావిడ తాళం అడిగింది, గొడుగు అడిగింది, చేరగానే ఫోను చెయ్యమంది. ఒక్క నిమిషంలో అన్నీ అయిపోయాయి. కిటికీలోంచి కూతురు, కిందనుంచి తల్లి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బస్సంతా వాళ్లిద్దరినీ చూసింది.

"ఇంకా మూడు నిమిషాలుందమ్మా, మాట్లాడండి," అన్నాడు డ్రైవరు, ఎంతో మర్యాదగా.

ఇరవై ఏళ్లలో మొదటిసారి, బస్సు ఎప్పుడు కదులుతుందా అని ఆమె ఎదురుచూసింది.