రెండో శనివారం, రెండు గంటల ఆట

ఆ శనివారం పరంజ్యోతి పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నం రెండు గంటల ఆటలో ఫ్లోరా పక్కన కూర్చోవడం. కట్టుకున్న పెళ్లాం పక్కన కూర్చోవడానికి నలభై రెండు రోజులు ఎదురుచూశాడు పాపం. ఫ్లోరా చక్రధర్‌పూర్‌లో ఒక బడి హాస్టల్‌కి వార్డెను. ఆ బడి హెడ్మిస్ట్రెస్ సెలవు ఇవ్వాలంటే తన సొంత ఆస్తి రాసిస్తున్నట్టు బాధపడుతుంది. ఎట్టకేలకు ఒక్క పూట ఇచ్చింది. పది గంటల బండికి జంషెడ్‌పూర్ స్టేషన్ టాటానగర్‌లో దిగి, సాయంత్రం బండికి తిరిగి వెళ్లిపోవాలి.

అది ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా, ఇవాళే ఆఖరి రోజు. మూడు వారాలుగా పరంజ్యోతి దాన్ని చూడకుండా దాచుకున్నాడు. వర్క్‌షాపులో ఎవరైనా కథ ఎత్తితే గబగబా క్రేన్ క్యాబిన్ ఎక్కేసేవాడు. అలాంటి వీరులంటే అతనికి గౌరవమే గాని, క్రేన్ ఆపరేటర్‌గా కొన్ని అభ్యంతరాలున్నాయి. "బస్సుని ఒంటి సేత్తో ఎత్తీసినాడు, బాగానే ఉన్నాది. కింద సిగ్నలిచ్చే మనిషేడీ? నెత్తి మీద హెల్మెట్టేదీ? మా సేఫ్టీ ఆఫీసరయితే గేట్ పాస్ లాగీసుకుంటాడు" అనేవాడు. "అయినా ఎగరడం వచ్చినోడు కూడా పెళ్లాం దగ్గిరికి ఆఖర్నే వత్తాడేటి? నాకే ఎగరడం వత్తే, డ్యూటీ దిగీసి తిన్నగా చక్రధర్‌పూర్ ఎల్లిపోదును."

దెయ్యం సినిమాల సంగతి వేరు. ఫ్లోరా వాటిని చూడలేదు, కథ వినకుండానూ ఉండలేదు. అందుకని గురువారం పరంజ్యోతి ఒక్కడే వెళ్లి కొత్తది చూసొచ్చాడు. దెయ్యం అతన్ని ఏమీ చెయ్యలేకపోయింది గాని, పక్కన ఖాళీ కుర్చీ మాత్రం మూడు గంటలూ ప్రాణం తీసింది. ఫ్లోరా బండిలో వింటుందని, ఉదయం ఆరింటికి టీ కాచుకుంటూ కథ ఫోన్లో వాయిస్ మెసేజీగా చెప్పి పంపాడు.

అక్కడే కొంప మునిగింది. ఉద్యోగానికి వెళ్లకముందు ఫ్లోరా చర్చి ఆడవాళ్ల కోసం ఫోన్లో ఒక ప్రార్థన గ్రూపు పెట్టి, మొగుణ్ణీ అందులో చేర్చింది. దాని మీద బొమ్మ కూడా ఆవిడదే, క్రిస్మస్‌కి బహుమతి అందుకుంటున్నది. పరంజ్యోతికి పేర్లు చదివే అలవాటు లేదు. నవ్వుతున్న పెళ్లాం మొహం కనపడితే చాలు, నొక్కేస్తాడు. కథ కాస్తా గ్రూపులో పడింది.

"మేడ మీద పాపకి గొంతు మారిపోనాది, ఇంటన్నావా? మగోడి గొంతు! మెడ గిర్రున ఎనక్కి తిరిగిపోనాది. ఆ ఇంట్లో ఇంతకు ముందే పన్నెండు మంది పోయారంట. అద్దె సవకని సేరిపోయారు, బుద్ధి నేకపోతే సరి..." ఇలా మొదలై, ఆ తర్వాత అతని విమర్శ వస్తుంది. "నన్నడిగితే దెయ్యం తప్పేటీ నేదు, దానింట్లో అది ఉన్నాది. పవర్ పోతే మనోళ్లు వీధిలోకొచ్చి కూకుంటారు, ఈ సినిమావోళ్లు టార్చీ అట్టుకుని నేలమాళిగలోకి ఎల్తారు. ఎల్లినోళ్లని తినక ఏటి సేత్తాది?"

గ్రూపు పెద్ద సవరమ్మ అంతవరకూ వినలేదు. ప్రార్థన అంశం సగం వినేసరికే ఆవిడ గుండె కరిగిపోతుంది. మిగతా సగం వింటూ కూర్చుంటే సాతాను ముందుగా చేరిపోతాడని భయం. ఏడున్నరకల్లా తొమ్మిది మందిని వెంటేసుకుని, చాపలు చంకన పెట్టుకుని, బాగ్‌బేరాలో పరంజ్యోతి గుమ్మం ముందు దిగింది.

"వందనాలు తమ్ముడూ. బెంగెట్టుకోకు. సాయంత్రం దాకా ఉపాస ప్రార్థనే. నెగిసేది నేదు."

ఫోన్ తీసి చూసుకుంటే గాని పరంజ్యోతికి విషయం అర్థం కాలేదు. అది సినిమా అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కాని గురువారం బైబిల్ క్లాసు ఎగ్గొట్టింది ఆ సినిమాకే. డ్యూటీ పడిందని సవరమ్మతోనే చెప్పాడు. చెప్పాలా వద్దా అని అతను ఒక్క నిమిషం తటపటాయించాడు. సరిగ్గా ఆ నిమిషంలోనే మేడ మీద నుంచి సౌజన్య దిగింది. పైవాటాలో ఉండే రైల్వే గుమాస్తా గౌరీశంకర్ కూతురు. తలంటుకుని జుట్టు విరబోసుకుంది. వారం రోజులుగా జలుబు.

"అంకుల్, ఇత్‌నా భీడ్ క్యోఁ హై?" అని ఇంతమంది ఎందుకొచ్చారని అడిగింది, గరగరమనే గొంతుతో.

తెలుగుపిల్ల హిందీలో మాట్లాడిందని ఎవరూ భయపడలేదు, జంషెడ్‌పూర్‌లో ప్రతి ఇంట్లోనూ పిల్లలు అంతే. ఆ గొంతు వినే తొమ్మిది మందీ ఒక్కసారిగా మోకాళ్లూనారు.

"అక్కా, అది సినిమా కథక్కా! నా మాటినండి!" అని అరిచాడు పరంజ్యోతి.

"సూసేరా? నిజం సెప్పనీకుండా నోరెలా తిప్పేత్తన్నాదో!" అని సవరమ్మ కళ్లు తుడుచుకుంది.

గోలకి గౌరీశంకర్ దిగొచ్చాడు. ఆవిడ అతనికీ ఆ సగమే వినిపించింది. అతని మొహం పాలిపోయింది. "పన్నెండు మందా! నాలుగేళ్లయి ఉంటన్నాం, ఒక్క ముక్క సెప్పొద్దేటండీ పరంజ్యోతిగారూ?" అంటూ ఆటో పిలిచి, పెళ్లాన్నీ, కూతుర్నీ, దేవుడి పటాల్నీ ఎక్కించి జుగ్సలాయిలో బావమరిది ఇంటికి తోలుకుపోయాడు.

"పాపా, మండే కో ఎగ్జామ్ హై మేరా!" అని తండ్రి మీద ఆటో మలుపు తిరిగేదాకా సౌజన్య బొంగురుగా అరుస్తూనే ఉంది. దాంతో ఎవరికైనా మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది.

"ఫ్లోరాకి కూడా ఫోన్ సేసీసేను తమ్ముడూ," అంది సవరమ్మ. "ఇల్లు సుబ్బరమయ్యేదాకా ఇటు రావద్దని సెప్పీసేను."

పరంజ్యోతి ఫ్లోరాకి ఫోన్ కలిపితే తియ్యలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్‌కి పరుగెత్తాడు. బండి వచ్చింది. కూరల బుట్టలు దిగాయి, కుర్రకారు దిగింది, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఫ్లోరా లేదు. నలభై ఏడేళ్ల మనిషికి బెంచీ మీద కూర్చుని ఏడుపొచ్చింది. సినిమా పోతే పోయింది. ఫ్లోరాని చూడాలి, అంతే. బండి కిటికీలో కనపడినా చాలు.

"ఏటండీ, సెప్పులేవీ?"

ఎదురుగా ఫ్లోరా. కూలీ మనిషి పక్కన పెద్ద ట్రంకు పెట్టె దింపుతున్నాడు. అది దింపేసరికే ఆలస్యమైందట.

"సవరమ్మక్క రావద్దన్నాది కదా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"అన్నాది. మా హెడ్మిస్ట్రెస్‌కీ ఫోన్ సేసీసి, ఆ సగమే ఇనిపించిందంట. ఆవిడ నన్ను పిలిచి, 'అలాటింట్లో మొగుణ్ణి ఒక్కణ్ణీ వదిలీసేవేటి, వారం రోజులు ఎల్లిరా' అన్నాది."

"వారమే! మరి నువ్వు సినిమా అని సెప్పనేదా? నీకు తెల్దా?"

"మెడ తిరిగిందన్నప్పుడే తెలిసింది. ఆవిడ అడగనేదు, నాను సెప్పనేదు," అంది ఫ్లోరా, ట్రంకు పెట్టె మీద చెయ్యేసి. "గౌరీశంకర్ గారు ఇల్లొదిలీసి ఎల్లిపోనారని కూడా అక్క సెప్పినాది. ఆయనకి మాత్తరం ఇప్పుడే ఫోన్ సెయ్యండి. పిల్లకి పరీచ్చ."

గౌరీశంకర్‌కి పూర్తి కథ వినిపించి నమ్మించడానికి గంట పట్టింది. సవరమ్మని నమ్మించడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. మధ్యాహ్నం రెండు గంటలకి ఊళ్లో ఆ వీరుడు ఏ బస్సు ఎత్తాడో గాని, బాగ్‌బేరాలో పరంజ్యోతి ఒక చాప మీద, కళ్లు మూసుకుని, ఖాళీ కడుపుతో కూర్చున్నాడు. పక్కనే ఫ్లోరా. భుజానికి భుజం తగులుతోంది. ఈ భార్యాభర్తల్ని ఏ శక్తీ విడదీయకూడదని సవరమ్మ గొంతు చించుకుని ప్రార్థిస్తోంది. ఆ ప్రార్థన సాయంత్రందాకా సాగితే బాగుండునని అతను మనసారా కోరుకున్నాడు.

ఆ ఇంటికి దెయ్యం నుంచి విడుదల కలిగిందని సాయంత్రం ఆరింటికి సవరమ్మ గ్రూపులో పెట్టింది. అందరికంటే ముందు ఆమెన్ పెట్టింది పరంజ్యోతే.