రెండు గోనెల ఇనుము

ఆ రోజు జోగమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. తొలి బస్సుకి రెండు గోనెల తోటకూర పూర్ణా మార్కెట్టుకి చేర్చాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చోవాలి. అది 1984. మద్దిలపాలెం వెనక ఒక కంట్రాక్టు కంపెనీకి ఇనప ఊచల గోదాము ఉండేది. దాని గోడ పక్కన ఊరికే పడి ఉన్న నేలలో పేట ఆడవాళ్లంతా కలిసి కూరలు పెంచుతున్నారు. ఆ నేల ఇచ్చింది గోదాము సూపరింటెండెంటు శ్రీరామ్మూర్తి. "ఒక్క ఫిర్యాదు వచ్చినా ఖాళీ చేయించేస్తాను" అని చెప్పి మరీ ఇచ్చాడు. మొగుడికి పోర్టులో కళాసీ పని దొరికి ఊరు వదిలి వచ్చాక, జోగమ్మ కాళ్లకి మళ్లీ మట్టి అంటింది ఇక్కడే. అది పోతుందన్న ఊహకే ఆమెకి అన్నం సహించదు.

తోట ఆలోచన పేటకి వచ్చే నర్సు సూర్యకాంతమ్మది. ఆవిడ ఒక్కొక్కరి కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు, ఇనుము తక్కువైంది. తోటకూర తినండి, దాన్నిండా ఇనుమే" అంది. తిన్నారు. కళ్లు తిరగడం తగ్గింది. అంతటితో ఊరుకోకుండా కూర పేరు కూడా మార్చేశారు. పేటలో ఇప్పుడు తోటకూరని తోటకూర అనేవాళ్లే లేరు.

"వరాలొదినా! నిన్న కోసిన ఇనుం ఏటి సేసినావ్?" అని తోటలోంచి జోగమ్మ కేకేసింది.

"గోనిల్లో కుక్కీసినాను. పైన నీళ్లు కూడా సల్లినాను" అంది వరహాలమ్మ.

"గోడవార ఉన్నది కూడా లాగీయ్! మార్కెట్లో గిరాకీ బాగుంది."

గోడ అవతల వాచ్‌మన్ చలమయ్య నోట్లోంచి చుట్ట జారిపడింది. గోదాములో ఊచలు తగ్గాయి, దొంగ దొరక్కపోతే నీ ఉద్యోగం ఊడుతుంది అని సూపరింటెండెంటు వారం నుంచి అతని ప్రాణం తీస్తున్నాడు. ఇప్పుడు దొంగలు తమంతట తామే కేకలేసి మరీ దొరికారు. చలమయ్య సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుని సైకిలెక్కాడు. గోనెలు కాస్తా దారిలో లారీ లోడయ్యాయి. "నా సెవులారా ఇన్నాను బాబూ" అని ఆఫీసులో చెప్పేసరికి లారీలు రెండయ్యాయి.

బస్సు కంటే ముందు జీపు వచ్చింది.

"గోనెల్లో ఏముందమ్మా?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఇనుం బాబూ" అంది జోగమ్మ.

ఇంత తేలిగ్గా ఒప్పుకునే దొంగని అతను ఎన్నడూ చూడలేదు. "ఎన్నాళ్లుగా సాగుతోంది?"

"కార్తీకం నుంచీ. ముందల మేమే తిన్నాం. మిగిల్తే అమ్ముతన్నాం."

"తిన్నామని నా మొహం మీదే చెబుతున్నావా!"

"నానొక్కదాన్నే తిన్లేదు బాబూ! అందరం పంచుకునే తిన్నాం. మీ ఇంటికీ పంపుతన్నాం. అమ్మగారు కట్టలకి కట్టలు తీసుకుంతారు."

శ్రీరామ్మూర్తి మొహం పాలిపోయింది. చుట్టూ జనం పోగయ్యారు. "ఏయ్ చలమయ్యా, విప్పు!" అని అరిచాడు.

చలమయ్య విప్పాడు. తోటకూర. భుజం దాకా చెయ్యి పెట్టి కెలికాడు. అడుగునా తోటకూరే. వరహాలమ్మ నర్సమ్మ మాట వివరంగా చెప్పింది. జనం పడీ పడీ నవ్వారు.

శ్రీరామ్మూర్తికి ఒళ్లు మండిపోయింది. "నన్ను నవ్వులపాలు చేస్తారా? రేపు పొద్దున్నకి ఆ నేల ఖాళీ చెయ్యండి!"

ఏ తప్పూ చెయ్యకుండానే అంతా పోయింది. జోగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చేతులు జోడించింది.

"అలగనకండి బాబూ! తలుసుకుంటే మీకేటి తక్కువ? మీ పెరట్లో ఆనపపాదు నానే గదా ఎట్టినాను. దానికి మన సలమయ్య గోదాంలోంచి కొత్త ఊసలు తెచ్చి ఎంత బాగా పందిరేసినాడు! మాకు అలాటి ఊసలొద్దు. ఆ నేలొక్కటీ ఉంచండి, సాలు."

నవ్వుతున్న జనం నవ్వడం మానేశారు. శ్రీరామ్మూర్తి మెల్లగా చలమయ్య వైపు తిరిగాడు.

"అమ్మగారు అడిగినారు బాబూ" అని చలమయ్య నసిగాడు. "అమ్మగారు అడిగింది దొంగతనం ఎలగవుద్దని..."

శ్రీరామ్మూర్తి గబగబా జీపెక్కాడు. "నేల మీదే. ఎవరూ ఖాళీ చెయ్యక్కర్లేదు. ఈ మాట మాత్రం ఇక్కడితో ఆపమ్మా."

ఏ మాట ఆపాలో జోగమ్మకి అర్థం కాలేదు గాని, ప్రాణం లేచొచ్చింది. తర్వాతి బస్సుకి కూర మార్కెట్టుకి వెళ్లింది.

సాయంత్రానికల్లా పోయిన ఊచలన్నీ గోదాములోనే దొరికాయి. సూపరింటెండెంటుగారి ఆనపపాదు మాత్రం ఆ ఏడాది నేలమీదే కాసింది.